సోయా బదులు మునగాకు పొడి కలిపాను, బ్రాయిలర్ పిల్లలు బరువు రావట్లేదు

ఎర్రనేల_రైతు
మాది వికారాబాద్ వైపు. సొంత షెడ్డు, 1,200 పిల్లలు పడతాయి. ఏ కంపెనీతోనూ ఒప్పందం లేదు, దాణా నేనే కలుపుకుంటాను. ఎకరంన్నర మునగ తోట ఉంది. కాయ రేటు పడిపోయాక కొమ్మలు కొట్టించి, ఆకు ఎండబెట్టి పొడి పట్టించాను. మునగాకులో 27 శాతం ప్రోటీన్ ఉంది, సోయా ఖర్చు సగం తగ్గుతుంది అని వీడియోల్లో చెబితే నమ్మాను. క్వింటాలు దాణాలో 10 కిలోల సోయా చెక్క (నూనె తీసిన సోయా పిప్పి) తీసేసి 10 కిలోల ఆకుపొడి వేశాను. 8వ రోజు నుంచి అదే పెడుతున్నాను.

ఈరోజుకు 24 రోజులు. 20 పిల్లల్ని పట్టి తూచితే సగటు 860 గ్రాములు వచ్చింది. పోయిన బ్యాచ్‌లో ఇదే రోజుకు 1,050 ఉన్నాయి. దాణా మాత్రం అంతే తింటున్నాయి. పైగా రెట్ట పచ్చగా పడుతోంది. కొక్కెర తెగులేమోనని (కోళ్లని గుంపులుగా చంపే వైరస్ జబ్బు) రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఎక్కడ తప్పు జరిగింది?

తణుకు_ఫీడ్‌మిక్సర్
8వ రోజు నుంచే 10 శాతమా అన్నా! చిన్న పిల్లలకి అది చాలా ఎక్కువ.

నాటుకోడి_నల్గొండ
మునగాకు వల్ల నష్టమేంటి? నా దగ్గర 150 నాటు కోళ్లున్నాయి. పొద్దున్నే రెండు కొమ్మలు విరిచి వేలాడదీస్తే సాయంత్రానికి ఈనెలు తప్ప ఏమీ మిగలవు. ఒక్క కోడికీ జబ్బు లేదు. తప్పు ఆకుది కాదు, ఇంకేదో ఉంది.

పశువుల_డాక్టర్
ఎర్రనేల గారూ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. మెడ తిప్పడం, కాళ్లు రెక్కలు ఈడ్చడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, చావులు ఒక్కసారిగా పెరగడం, వీటిలో ఏమైనా ఉన్నాయా? కొక్కెర తెగులు టీకా లసోటా ఎన్నో రోజు వేశారు?

ఎర్రనేల_రైతు
అవేమీ లేవు సార్. 6వ రోజు లసోటా కంట్లో చుక్క వేశాం, 14వ రోజు గంబోరో జబ్బు టీకా, 21న మళ్లీ లసోటా నీళ్లలో ఇచ్చాం. చావులు రోజుకు ఒకటి, అంతే.

పశువుల_డాక్టర్
అయితే ఆ పచ్చరంగు చాలావరకు ఆకుదే అయ్యుండాలి. ఆకులోని పచ్చదనమే రెట్టలో కనిపిస్తుంది. కొక్కెర తెగులులోనూ పచ్చని విరేచనాలు అవుతాయి కాబట్టి మీ భయం న్యాయమైనదే. ఒక పరీక్ష చేయండి. ఓ పది పిల్లల్ని గంప కింద వేరుగా పెట్టి, ఆకు లేని దాణా రెండు రోజులు పెట్టండి. రెట్ట మామూలు రంగుకు వస్తే ఆకు వల్లే. రాకపోయినా, చావులు పెరిగినా వెంటనే చచ్చిన కోడిని దగ్గర్లోని పశువైద్య ల్యాబ్‌కు పట్టుకెళ్లి కోయించండి. ఫోన్‌లో ఫొటో చూసి జబ్బు తేల్చకూడదు.

తణుకు_ఫీడ్‌మిక్సర్
ఇప్పుడు దాణా సంగతి. నేను పన్నెండేళ్లుగా ఫీడ్ మిల్లులో మిక్సింగ్ చూస్తున్నాను. నల్గొండ అన్నా, నువ్వు చెప్పింది నిజమే, కానీ నాటు కోడి వేరు, బ్రాయిలర్ వేరు. నాటు కోడి నాలుగైదు నెలలకు కిలోన్నర వస్తుంది, దానికి తొందర లేదు. బ్రాయిలర్ 40 గ్రాముల పిల్లగా వచ్చి 42 రోజుల్లో రెండు కిలోలు దాటాలి. రోజంతా తిన్నా దాని మెడ కింద సంచిలో పట్టేది కొంతే. ఆ కొంతలోనే ఎనర్జీ అంతా సర్దాలి. ఆకు పొడి తేలిక, చోటు ఎక్కువ తీసుకుంటుంది. మెతుకులు తగ్గించి పళ్లెం నిండా ఆకుకూరే పెడితే మనకైనా కడుపు నిండుతుంది కానీ పని చేసే బలం రాదు కదా.

అసలు పొరపాటు కిలోకి కిలో మార్చడం. సోయా చెక్కలో 46 శాతం ప్రోటీన్. నీ ఆకుపొడిలో 27 శాతం ఉందనే అనుకుందాం. 10 కిలోల సోయా తీస్తే 4.6 కిలోల ప్రోటీన్ పోయింది, ఆకుతో వచ్చింది 2.7. అంటే దాణాలో దాదాపు 2 పాయింట్లు పడింది. 22 శాతం ఉండాల్సిన స్టార్టర్ (చిన్న పిల్లల దాణా) 20కి దిగింది. ఎనర్జీ కూడా కిలోకి 50 కేలరీల వరకు తగ్గి ఉంటుంది. పైగా ఆకులోని ప్రోటీన్ సోయాలోది అరిగినంత బాగా అరగదు. ఎదుగుదలకు కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం సోయాలో 2.8 శాతం ఉంటే మునగాకులో దాదాపు సగమే. పిల్లలు ఎందుకు ఆగిపోయాయో ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు.

ఎర్రనేల_రైతు
నాకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు అన్నా. 27 శాతం అనగానే సోయాతో సమానం అనుకున్నాను. ఇప్పుడేం చేయమంటావ్? ఆకు మొత్తం ఆపేయనా?

తణుకు_ఫీడ్‌మిక్సర్
ఆపెయ్. ఫినిషర్ (చివరి వారాల దాణా) మామూలు ఫార్ములాతో పెట్టు. పోయిన బరువు మొత్తం రాదు కానీ కొంత పట్టుకుంటాయి. రెండు మూడు రోజులు ఎక్కువ ఉంచి అమ్ముకో.

పెరటికోళ్ల_అక్క
తమ్ముడూ, ఆకు ఎలా ఎండబెట్టావు? ఎండలోనా, నీడలోనా? రంగు ఎలా ఉంది?

ఎర్రనేల_రైతు
డాబా మీద ఎండలో అక్కా. రెండు రోజులు. రంగు కొంచెం గోధుమ రంగుకు తిరిగింది. కొమ్మలతో సహా కోసి, లావు కర్రలు తీసేసి, సన్న రెమ్మలతో కలిపి గ్రైండర్‌లో వేశాం. ఇప్పుడు మీరడిగితే గుర్తొచ్చింది, సాయంత్రం ఫీడర్లు దులిపేటప్పుడు అడుగున సన్నని పుల్లలు మిగిలి ఉంటున్నాయి. పిల్లలు వాటిని తినకుండా పక్కకు తోసేస్తున్నాయి. మెత్తని పొడేమో ముక్కులకు అంటుకుని, నీళ్లు తాగినప్పుడు నిప్పుల్ లైన్ (కోళ్లు నీళ్లు తాగే పైపు) కింద పచ్చని బురద అవుతోంది.

పెరటికోళ్ల_అక్క
అక్కడే దొరికిపోయావు. రెమ్మలతో సహా పొడి పడితే అది ఆకు పొడి కాదు, సగం పుల్లల పొడి. నువ్వు చెప్పిన 27 శాతం ప్రోటీన్ వట్టి ఆకుకి. రెమ్మలు కలిస్తే ప్రోటీన్ పడిపోయి పీచు పెరుగుతుంది. అంటే తణుకు అన్న వేసిన లెక్క కంటే ఇంకా ఎక్కువే నష్టపోయావు. జల్లెడ పట్టి చూడు, ఎంత పుల్ల మిగులుతుందో తూచి ఇక్కడ రాయి.

మా అమ్మ ఆషాఢంలో మునగాకు కూరకి ఆకు ఎలా తీసేదో చెప్తాను. సాయంత్రం కొమ్మలు కోసుకొచ్చి, పాత చీరలో గట్టిగా మూట కట్టి రాత్రంతా ఉంచేది. తెల్లారి మూట విప్పి దులిపితే ఆకు దానంతటదే రాలిపోయి ఈనె ఖాళీగా చేతిలోకి వచ్చేది. నేను కోళ్లకీ అదే చేస్తాను, చీర బదులు గోనె పట్టా. రాలిన ఆకుని నీడలో, గాలి ఆడే చోట పలచగా పరిచి రోజుకు రెండుసార్లు తిరగేస్తే మూడు నాలుగు రోజుల్లో గలగలమంటుంది. అరచేతిలో నలిపితే పొడి అవ్వాలి, మెత్తగా ఉండ కడితే ఇంకా ఎండాలి. ఎండలో వేస్తే రంగు పోతుంది, రంగుతో పాటే విటమిన్ ఏ పోతుంది.

పశువుల_డాక్టర్
అక్క చెప్పినది ముఖ్యం. తేమ 10 శాతం దాటితే బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకు పెట్టడం కంటే అసలు పెట్టకపోవడం నయం. ఇంకో సంగతి, మీది కాయ తోట కదా ఎర్రనేల గారూ, కొమ్మలు కొట్టే ముందు పురుగు మందు ఎప్పుడు కొట్టారు?

ఎర్రనేల_రైతు
కొమ్మలు కొట్టడానికి పది రోజుల ముందు ఒకసారి కొట్టాం సార్, గొంగళి పురుగు ఎక్కువైతే.

పశువుల_డాక్టర్
అయితే ఆ స్టాకు కోళ్లకు పెట్టకండి. కాయకి మందు కొట్టినప్పుడు దాని మీద ఎంత పడుతుందో ఆకు మీద అంతకంటే ఎక్కువ పడుతుంది. మేతకి ఆకు కావాలంటే తోటలో ఒక పక్క రెండు వరసలు మందు లేకుండా వదిలేయాలి. మిగిలిన ఆకుని ఎరువులో కలిపేయండి.

ఒంగోలు_సుబాబుల్
మా వైపు పేపర్ మిల్లులకి సుబాబుల్ కొడతారు. కర్ర లారీ ఎక్కుతుంది, ఆకు టన్నులకు టన్నులు పొలంలోనే ఎండిపోతుంది. ఉచితంగా దొరికే ఆకు కదా అని నాలుగేళ్ల క్రితం 300 బ్రాయిలర్లకి 8 శాతం కలిపాను. మూడో వారం నుంచి ఎదుగుదల ఆగిపోయింది, ఈకలు గరుకుగా, చింపిరిగా తయారయ్యాయి. ఆ తర్వాత తెలిసింది అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుందని.

పశువుల_డాక్టర్
అవును. సుబాబుల్ ఆకులో మిమోసిన్ ఎండు బరువులో 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది, లేత చిగురులో ఇంకా ఎక్కువ. ఆవులు, మేకల పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని కొంతవరకు విరగ్గొడతాయి. కోడికి, గుర్రానికి, పందికి ఆ వసతి లేదు. గుర్రాలకు సుబాబుల్ మేపితే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. బాగా ఎండబెడితే, వేడి చేస్తే, నీళ్లలో నానబెట్టి పారబోస్తే తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పెరిగే బ్రాయిలర్‌కి నేనైతే వద్దంటాను. పెట్టి తీరాలంటే 5 శాతం లోపే, అదీ చివరి రెండు వారాల్లో.

గోదారి_కుర్రాడు
పెద్దాపురం పక్క మాది. కర్రపెండలం ఆకు కూడా కుప్పలు కుప్పలుగా పారేస్తారు సగ్గుబియ్యం కోసం దుంపలు తవ్వేటప్పుడు. అది పనికొస్తుందా?

పశువుల_డాక్టర్
ప్రోటీన్ ఉంది కానీ పచ్చి ఆకులో సైనైడ్ విషం ఉంటుంది. ముక్కలు కోసి బాగా ఎండబెడితే చాలావరకు ఎగిరిపోతుంది. పచ్చిది ఎప్పుడూ వేయొద్దు. ఎండబెట్టినదైనా కొద్దిగానే.

సిద్దిపేట_ఇంటిగ్రేషన్
మీకు కనీసం కలుపుకునే స్వేచ్ఛ ఉంది. మేము కంపెనీ పిల్లలు, కంపెనీ దాణాతో పెంచుతాం, మాకు కిలోకి ఇంత అని పెంపకం చార్జీ. ఒకసారి షెడ్డు పక్కన తొట్టిలో అజొల్లా (నీటి మీద పెరిగే మేత మొక్క) పెంచి ఆవుకి వేస్తుంటే, సూపర్‌వైజర్ చూసి కోళ్లకి పెడుతున్నావంటూ రాసుకుపోయాడు. ఆ బ్యాచ్ ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి ఎంత దాణా పట్టిందనే లెక్క) బాగా రాలేదని చార్జీలో కోత పెట్టారు. ఆవుకి వేశానని ఎంత చెప్పినా వినలేదు. అందుకే చెప్తున్నా, ఒప్పందం మీద పెంచేవాళ్లు ఎవరైనా ఇది చదివి ఆకు కలపాలనుకుంటే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

కువైట్_కడప
నేను వచ్చే ఏడాది ఇంటికి వచ్చేద్దామనుకుంటున్నాను. రెండెకరాలుంది. మునగాకు పొడి మిల్లు పెట్టి బ్రాయిలర్ షెడ్లకి సప్లై చేద్దామని ఆలోచన. కిలో 60 రూపాయలకైనా పోతుందా?

తణుకు_ఫీడ్‌మిక్సర్
తమ్ముడూ, డబ్బు పెట్టే ముందే అడిగావు, మంచి పని చేశావు. ఆకు పొడి విలువ ఎంతో అది దాణాలో దేని బదులు కూర్చుంటుందో చూసి తేల్చాలి. క్వింటాలు దాణాలో 5 కిలోల ఆకుపొడి, మంచిది, పుల్లలు లేనిది వేశామనుకో. ప్రోటీన్ సరిపోవాలంటే అది రెండున్నర కిలోల సోయా, రెండున్నర కిలోల మొక్కజొన్న బదులు కూర్చుంటుంది. లెక్క కోసం సోయా 45, మొక్కజొన్న 24 అనుకో. 112, 60 కలిపి 172 రూపాయలు మిగిలాయి. కానీ ఎనర్జీ తగ్గింది. మొక్కజొన్న కిలోకి 3,300 కేలరీలు, సోయా 2,300 దగ్గర, ఆకుపొడికి నేను 1,800 కంటే ఎక్కువ వేయను. ఆ లోటు పూడ్చాలంటే అరకిలో పైన నూనె పోయాలి. నూనె 120 అయితే దాదాపు 68 రూపాయలు. మిగిలింది 104. దాన్ని 5 కిలోలతో భాగిస్తే కిలో ఆకుపొడి విలువ 20 రూపాయలు. సోయా రేటు పెరిగితే ఇదీ పెరుగుతుంది, నూనె రేటు పెరిగితే తగ్గుతుంది. 60కి నేను కొనను, ఏ మిల్లు వాడూ కొనడు.

కువైట్_కడప
20 రూపాయలకి కోత కూలి కూడా రాదు కదా అన్నా.

పెరటికోళ్ల_అక్క
రాదు. నాలుగు కిలోల పచ్చి ఆకు ఎండితే ఒక కిలో. అదీ ఈనె తీసేసిన ఆకు. కోత, రాల్చడం, ఆరబెట్టడం, పొడి, అన్నీ కూలీతో చేయిస్తే 20కి చస్తే కుదరదు. నువ్వు బ్రాయిలర్ వైపు చూడకు తమ్ముడూ. గుడ్ల వైపు చూడు. నా దగ్గర గ్రామప్రియ పెట్టలు 90 ఉన్నాయి, హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల రకం. నీడలో ఆరిన ఆకు 4 శాతం పెడితే సొన ముదురు నారింజ రంగులో వస్తుంది. కొనేవాళ్లు ఆ రంగు చూసే మళ్లీ వస్తున్నారు. అక్కడ ఆకుకి ధర పలుకుతుంది.

నాటుకోడి_నల్గొండ
బ్రాయిలర్‌లోనూ కాళ్లు, చర్మం పసుపు పచ్చగా వస్తాయి కదా అక్కా. దానికి విలువ లేదా?

తణుకు_ఫీడ్‌మిక్సర్
మన దగ్గర సగం మంది స్కిన్‌లెస్సే అడుగుతారు అన్నా. తోలు తీసి పారేసే కోడికి తోలు రంగు ఎవరు చూస్తారు? ఊళ్లో లైవ్ కోడి కాళ్లు చూసి కొనే చోట మాత్రం పనికొస్తుంది, అది ఒప్పుకుంటాను.

గోదారి_కుర్రాడు
అయితే సోయా ఖర్చు తగ్గించే దారే లేదా? 2021 గుర్తుందిగా, సోయా చెక్క కిలో 90 దాటి ఎంతమంది షెడ్లు ఖాళీగా పెట్టుకున్నారో. ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి (జీఎం) సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. మా నాన్న ఆ ఏడాది రెండు బ్యాచ్‌లు వదిలేశాడు.

తణుకు_ఫీడ్‌మిక్సర్
మర్చిపోయే ఏడాది కాదది. ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) వస్తోంది, బియ్యంది, మొక్కజొన్నది. ప్రోటీన్ ఆకు కంటే మెరుగు, సోయా కొంత తగ్గించుకోవచ్చు. కానీ మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ (బూజు విషం) ఉంటే డీడీజీఎస్‌లో అది మూడింతలు అవుతుంది, పిండి అంతా ఇథనాల్‌గా పోయి మిగిలింది చిక్కబడుతుంది కాబట్టి. ల్యాబ్ రిపోర్టు లేనిదే లోడు దింపుకోకండి.

సిద్దిపేట_ఇంటిగ్రేషన్
ఆకు పొడి పెడితే యాంటీబయాటిక్ అక్కర్లేదని ఒకాయన మా ఊళ్లో డబ్బాలు అమ్ముతున్నాడు. నిజమా డాక్టర్ గారూ?

పశువుల_డాక్టర్
కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మందుని 2019లోనే కేంద్రం కోళ్లకి నిషేధించింది, అది మంచి నిర్ణయం. కానీ యాంటీబయాటిక్ మానేయడానికి కావాల్సింది తడి లేని లిట్టర్ (షెడ్డులో కింద పరిచే ఊక), శుభ్రమైన నీళ్లు, సమయానికి టీకాలు, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య షెడ్డు ఖాళీ. డబ్బాలోని ఆకు ఆ పని చేయదు.

ఎర్రనేల_రైతు
మూడు వారాలయ్యింది, అప్‌డేట్ రాస్తున్నాను. ఆకు ఆపిన రెండో రోజుకే గంప కింద పిల్లల రెట్ట మామూలు రంగుకు వచ్చింది. డాక్టర్ గారూ, ఆ రాత్రే నిద్ర పట్టింది. అక్క చెప్పినట్టు పాత పొడిని జల్లెడ పట్టాను, 10 కిలోల్లో 3 కిలోలకు పైగా పుల్లలే. మొత్తం ఎరువు గుంతలో వేశాను. బ్యాచ్ 46వ రోజు లిఫ్టింగ్ (అమ్మకానికి ఎత్తడం) అయింది, సగటు 1,980.

పోతూ పోతూ ఒక పని చేశాను. 30వ రోజు నుంచి చివర్లో వల కట్టి రెండు గదులు చేసి, ఒక్కోదాంట్లో 60 కోళ్లు వేశాను. ఒక గదికి మామూలు ఫినిషర్. రెండో గదికి మందు కొట్టని పెరటి చెట్ల ఆకు, గోనె పట్టాలో రాల్చి నీడలో ఆరబెట్టింది, 4 శాతం. తణుకు అన్న చెప్పిన లెక్కలోనే సోయా, మొక్కజొన్న చెరిసగం తగ్గించి క్వింటాలుకి 450 గ్రాముల నూనె కలిపాను. 16 రోజుల తర్వాత తూచితే ఆకు గది సగటు 2,010, మామూలు గది 2,030. కాళ్లు మాత్రం ఆకు గదిలో పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. మా ఊరి చికెన్ షాపు అతను వాటినే ముందు పట్టుకున్నాడు, రేటు మాత్రం అందరికీ ఒకటే ఇచ్చాడు.

తణుకు_ఫీడ్‌మిక్సర్
చాలా బాగా చేశావు. వల కట్టి రెండు గదులు తూచినవాళ్లు మన వేదికలో ఇంతవరకు లేరు. 20 గ్రాముల తేడా 60 కోళ్లలో తేడానే కాదు.

నాటుకోడి_నల్గొండ
నేను మొదట్లో ఆకు తప్పేం లేదన్నాను. 4 శాతం దగ్గర నా మాట నిలబడింది, 10 దగ్గర తణుకు తమ్ముడిది నిలబడింది.

పెరటికోళ్ల_అక్క
ఆకు ఎంత పట్టింది? పని ఎవరు చేశారు?

ఎర్రనేల_రైతు
60 కోళ్లకే కాబట్టి నాలుగు కిలోల పైచిలుకు పొడితో సరిపోయింది అక్కా. నేనూ మా ఆవిడా రాత్రి భోజనాలయ్యాక కూర్చుని దులిపాం. మొత్తం 1,200కి లెక్కేస్తే, కోడికి రెండు కిలోల ఫినిషర్ చొప్పున 2,400 కిలోలు, అందులో 4 శాతం అంటే 96 కిలోల పొడి. పచ్చి ఆకు దాదాపు 400 కిలోలు రాల్చాలి. కిలో 20 చొప్పున 1,920 రూపాయలు మిగులుతుంది. ఇద్దరు కూలీలను రెండు రోజులు పెడితే అయిపోయే డబ్బు. అందుకే వచ్చే బ్యాచ్‌కి బ్రాయిలర్‌కి ఆకు వేయట్లేదు. పెరట్లో పాతిక గ్రామప్రియ పెట్టలు వేసుకుంటాను, ఆ ఆకు వాటికి. అక్కా, పిల్లలు ఎక్కడ తెచ్చావు, బుకింగ్‌కి ఎన్ని రోజులు పడుతుంది?

పెరటికోళ్ల_అక్క
రాజేంద్రనగర్‌లో ఆ పరిశోధన సంస్థ దగ్గర ముందుగా అడిగి పెట్టుకోవాలి, వెంటనే దొరకవు. పిల్లలు వచ్చేలోపు ఆ రెండు వరసలకి మందు కొట్టడం ఆపెయ్ తమ్ముడూ.